కారిడార్ సీలింగ్ పైన 330 మిల్లీమీటర్లు: ఒక ఎంఈపీ త్రీడీ మోడల్ డైరీ

మొదటి రోజు

మూడంతస్తుల ఆఫీసు బిల్డింగ్. ఏసీ డక్టులు, చిల్డ్ వాటర్ (ఏసీకి చల్లటి నీళ్లు తెచ్చే) పైపులు, డ్రైనేజీ, స్ప్రింక్లర్లు, కేబుల్ ట్రేలు అన్నీ, అంటే ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) పనులన్నీ, త్రీడీలో మోడల్ చెయ్యాలి. ఆర్కిటెక్ట్ ఫైలుతో, స్ట్రక్చర్ ఫైలుతో కలిపి చూసి, ఒకదానికొకటి తగలకుండా సర్ది, సైట్‌లో బిగించేవాళ్లకి షాప్ డ్రాయింగులు ఇవ్వాలి. గడువు ఆరు వారాలు. సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ ఎంఈపీ. దీన్నే ఇంతకుముందు ఆటోడెస్క్ బిల్డింగ్ సిస్టమ్స్ అనేవారు. 2008 వెర్షన్‌తో పేరు మారింది. 2019 నుంచి ఆటోక్యాడ్‌తోపాటే ఒక టూల్‌సెట్‌గా వస్తోంది. రెవిట్‌లో (ఆటోడెస్క్‌దే ఇంకో సాఫ్ట్‌వేర్) పని చేసేవాళ్లకి కమాండ్ల పేర్లు వేరుగా ఉంటాయి కానీ, ఇక్కడ నేను పడే తిప్పలన్నీ వాళ్లకీ తెలిసినవే.

కిందటి ప్రాజెక్టులో ప్లాన్ అంతా గీసేశాక చివర్లో త్రీడీ వ్యూ తెరిచాను. సీలింగ్ పైన ఉండాల్సిన సగం పైపులు సీలింగ్ కిందికి దిగి ఉన్నాయి. సరిదిద్దడానికి రెండు వారాలు పట్టింది. అందుకే ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను: ఏ ఎత్తులో పోతుందో తేలకుండా ఒక్క పైపు కూడా గీయను. ఈ డైరీ ఆ నియమం ఎంతవరకు నిలబడిందో చూసుకోవడానికే.

ఇవాళ గీసింది ఏమీ లేదు. యూనిట్లు మిల్లీమీటర్లలో ఉన్నాయో లేదో చూశాను. ఆర్కిటెక్ట్ ఫైలు సర్వే కోఆర్డినేట్లలో ఉంది, అంటే బిల్డింగ్ మొత్తం 0,0,0 నుంచి ఎంతో దూరంలో కూర్చుని ఉంది. అంత దూరంలో మోడల్ చేస్తే గీతలు వణికినట్టు కనిపిస్తాయి, స్నాప్ (గీత చివరని కర్సర్ పట్టుకోవడం) పక్కకి పోతుంది, గుండ్రటి పైపులు మొరటుగా కనిపిస్తాయి. స్తంభాల వరసల్ని చూపే గీతల్లో గ్రిడ్ ఏ, గ్రిడ్ 1 కలిసే చోటునే 0,0,0 అనుకుందామని ఆర్కిటెక్ట్, స్ట్రక్చర్ వాళ్లు, నేను ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకుని, అదే మాట మెయిల్లో రాసి పెట్టుకున్నాం. ఫోన్‌లో అనుకున్నది నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు, మెయిల్ ఉంటే వాదన ఉండదు.

రెండు ఫైళ్లనీ ఎక్స్‌రెఫ్‌గా (నా ఫైల్లో కనిపించే లింకుగా) తెచ్చేటప్పుడు అటాచ్ కాకుండా ఓవర్‌లే ఎంచుకున్నాను. అటాచ్ చేస్తే, నా ఫైలు ఇంకొకరు తెచ్చుకున్నప్పుడు ఆర్కిటెక్ట్ ఫైలు కూడా దాని వెనకే వచ్చేస్తుంది. వాళ్ల దగ్గర అది అప్పటికే ఉంటుంది కాబట్టి గోడలన్నీ రెండేసి సార్లు పడతాయి.

2వ రోజు

నియమం పెట్టుకున్న మర్నాడే ఎత్తుల్లో తప్పు చేశాను.

ప్రాజెక్ట్ నావిగేటర్‌లో అంతస్తులు సెట్ చేశాను. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి 3900. అంటే రెండో అంతస్తు నేల 7800 దగ్గర. ఆ అంతస్తు ఫైలు తెరిచి, ప్రయోగంగా ఒక పైపుని 7800కి 2900 కలిపి 10700 ఎత్తులో గీశాను. అన్ని అంతస్తులూ కలిసే వ్యూ తెరిచి చూస్తే ఆ పైపు టెర్రస్ దాటి గాల్లో వేలాడుతోంది. 10700కి ఇంకో 7800 కలిసింది.

కారణం తేలికే. ఒక అంతస్తుకి సంబంధించిన ఫైల్లో (దాన్ని కన్‌స్ట్రక్ట్ అంటారు) ఆ అంతస్తు నేలే సున్నా. వ్యూలోకి తెచ్చేటప్పుడు ఆ అంతస్తు ఎత్తు ప్రాజెక్ట్ నావిగేటరే కలుపుతుంది. కాబట్టి ఫైల్లో 2900 అని గీస్తే చాలు. తర్వాత ఫ్లోర్ ఎత్తు 3900 నుంచి 4000కి మారినా ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. ఒక్క పైపుతోనే ఇది బయటపడటం నాకు మేలైంది.

4వ రోజు

ఇవాళంతా ఒకే ఒక్క సెక్షన్ మీద కూర్చున్నాను. మొదటి అంతస్తు కారిడార్. వెడల్పు 2400. బిల్డింగ్‌లోని సర్వీసులన్నీ ఇందులోంచే పోవాలి. ఇక్కడ పట్టిందంటే మిగతా బిల్డింగంతా పట్టినట్టే.

లెక్క ఇలా వచ్చింది. పై అంతస్తు నేల 3900 దగ్గర. ఫినిష్ 50, బీమ్ లోతు శ్లాబ్‌తో కలిపి 600. బీమ్ అడుగు 3250. ఫాల్స్ సీలింగ్ 2700. మధ్యలో 550. చూడగానే చాలా చోటున్నట్టు అనిపిస్తుంది. కానీ సీలింగ్ ఫ్రేముకీ లైట్లకీ కలిపి 120 పోతుంది. చేతికొచ్చేది 430.

ఇప్పుడు అందులో పెట్టాల్సినవి. సప్లై డక్ట్ 600 వెడల్పు, 300 ఎత్తు. చాలామంది ఈ 300నే లెక్కలోకి తీసుకుంటారు. డక్ట్ ముక్కలు కలిసే చోట ఫ్లాంజ్ (అతుకు పట్టీ) రేకు మీంచి 30 బయటికి ఉంటుంది, పైనా కిందా కలిపి 60. 25 మందం ఇన్సులేషన్ ఆ 30 లోపలే సర్దుకుంటుంది. డక్ట్‌ని మోసే ఛానెల్ 41. అంటే 300 డక్ట్‌కి నిజంగా కావాల్సింది 401. ఉన్నది 430. మిగిలింది 29.

చిల్డ్ వాటర్ పైపులు 100 ఎన్‌బీ (నామినల్ బోర్), రెండు. 100 అన్నది పేరు మాత్రమే, బయటి వ్యాసం 114.3. చుట్టూ 50 మందం ఇన్సులేషన్. ఒక్కో పైపు 214 అయి కూర్చుంటుంది, పేరుకి రెట్టింపు కన్నా ఎక్కువ. వెడల్పు లెక్క కూడా వేశాను: డక్ట్‌కి హ్యాంగర్ రాడ్లతో కలిపి 760, పైపులకి 580, 300 కేబుల్ ట్రేకి 400, స్ప్రింక్లర్ పైపుకి 150. మొత్తం 1890. కారిడార్ 2400 కాబట్టి అడ్డంగా ఇబ్బంది లేదు, ఇబ్బందంతా నిలువులోనే.

ఈ సెక్షన్ త్రీడీలో కాదు, మామూలు గీతలతో, పెట్టెలతో గీశాను. అరగంటలో మూడు రకాల అమరికలు మార్చి చూడొచ్చు. అదే త్రీడీలో డక్టులు, ఫిట్టింగులతో చేస్తే ఒక్కో అమరికకి ఒక రోజు పడుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే: సాఫ్ట్‌వేర్ తెరవక ముందు అన్నిటికన్నా ఇరుకైన చోట ఒక సెక్షన్ గీసుకోండి. అందులో పట్టకపోతే సాఫ్ట్‌వేర్ ఏ మంత్రం వేసినా పట్టదు.

చివరికి ఒక ఎత్తుల పట్టిక తయారైంది. డక్ట్ రేకు అడుగు 2891, ఆ పక్కన పైపుల సెంటర్, ట్రే అడుగు, స్ప్రింక్లర్ మెయిన్. ప్రింటు తీసి మానిటర్ పక్కన అంటించాను. పట్టికలో ప్రతి అంకె పక్కన అది సెంటరా, అడుగా అన్నది రాశాను. సాఫ్ట్‌వేర్‌లో నేను పెట్టుకున్న సెట్టింగు ప్రకారం డక్ట్ ఎలివేషన్ అంటే సెంటర్‌లైన్. 2891 అడుగు కావాలంటే 3041 ఇవ్వాలి. ఈ రెండూ కలిసిపోతే 150 తేడా వస్తుంది, ఈ కారిడార్‌లో 150 అంటే సీలింగ్ లోపల డక్ట్.

5వ రోజు

సిస్టమ్ డెఫినిషన్లు, లేయర్లు, రూటింగ్ ప్రిఫరెన్సులు (ఎక్కడ ఏ ఫిట్టింగ్ పడాలో చెప్పే సెట్టింగులు). విసుగు పుట్టించే పని. కానీ ఇది ముందు చెయ్యకపోతే తర్వాత వందల ముక్కలు ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. సప్లై, రిటర్న్, ఎగ్జాస్ట్ మూడూ వేర్వేరు సిస్టమ్ గ్రూపుల్లో పెట్టాను. దానివల్ల రిటర్న్ డక్ట్‌ని పొరపాటున సప్లైకి కలపబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఆ అడ్డు నాకు కావాలి.

డ్రైనేజీ రూటింగ్‌లో బ్రాంచి దగ్గర మామూలు టీ బదులు 45 డిగ్రీల వై పెట్టాను. పడుకున్న డ్రైన్ పైపులోకి నీళ్లు 90 డిగ్రీల్లో వచ్చి పడితే ఎదురు గోడకి కొట్టుకుని, మురికి అక్కడే ఆగుతుంది. వై ఫిట్టింగ్ ఎక్కువ చోటు తింటుంది. మోడల్‌లో టీ వేసి, సైట్‌లో వై బిగిస్తే ఆ చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

8వ రోజు

జెడ్ గురించి, అంటే ఎత్తు గురించి, రాయాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఒకసారి ఇక్కడ పడతారు.

స్ప్రింక్లర్ బ్రాంచి 2900లో గీస్తున్నాను. ప్లాన్ వ్యూ. మొదటి పాయింటు ఇచ్చి, రెండో పాయింటుకి గ్రిడ్ గీత చివర స్నాప్ చేశాను. ప్లాన్‌లో చక్కటి తిన్నని గీత వచ్చింది. అలాగే ఇంకో పదకొండు బ్రాంచీలు గీశాను. ఐసోమెట్రిక్ వ్యూకి తిప్పితే, ప్రతి బ్రాంచీ చివర ఒక ఎల్బో, నేల వరకు ఒక నిలువు పైపు. పన్నెండు పైపులు కారిడార్ మధ్యలో స్తంభాల్లా నిలబడి ఉన్నాయి.

గ్రిడ్ గీత జెడ్ సున్నాలో ఉంది. నేను దానికి స్నాప్ చేశాను కాబట్టి ఎక్స్, వైతోపాటు దాని జెడ్ కూడా వచ్చింది. పై నుంచి చూస్తే నిలువు పైపు ఒక చుక్కలా కనిపిస్తుంది, అందుకే ప్లాన్‌లో ఏ తేడా తెలియలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం నేను అడిగిందే చేసింది: 2900 నుంచి సున్నాకి దారి వేసింది.

దీనికి మందు ఓస్నాప్‌జెడ్ అనే వేరియబుల్. మామూలుగా 0 ఉంటుంది. 1 చేస్తే, దేనికి స్నాప్ చేసినా ఎక్స్, వై మాత్రమే తీసుకుని, జెడ్‌ని ప్రస్తుత ఎలివేషన్ నుంచి తీసుకుంటుంది. ప్లాన్‌లో పని చేసేంతసేపూ 1. పంపుకో, ఏహెచ్‌యూకో (ఏసీ గాలిని చల్లబరిచి పంపే యూనిట్) పైపు కలిపేటప్పుడు మళ్లీ 0, ఎందుకంటే అక్కడ కనెక్టర్ (పైపు కలిసే చోటు) నిజమైన ఎత్తే కావాలి. ఈ విలువ డ్రాయింగులో సేవ్ కాదు. అందుకని డ్రాయింగు తెరిచిన ప్రతిసారీ నడిచే లిస్ప్ ఫైల్లో (ఆటోక్యాడ్ చదివే చిన్న ప్రోగ్రామ్) ఒక్క లైను రాశాను, 0కీ 1కీ చెరో షార్ట్‌కట్ పెట్టుకున్నాను.

దీనితోపాటు ఇంకో అలవాటు. స్క్రీన్‌ని రెండు వ్యూపోర్టులుగా విడగొట్టాను. ఎడమ పక్క ప్లాన్, కుడి పక్క ఐసోమెట్రిక్. ఎడమ పక్క గీస్తుంటే కుడి పక్క అదే క్షణంలో కనిపిస్తుంది. పన్నెండు తప్పులయ్యాక కాదు, మొదటి దానికే తెలిసిపోతుంది. ఒకే వస్తువు ప్లాన్‌లో గుర్తులా, ఐసోమెట్రిక్‌లో పూర్తి ఆకారంతో కనిపించడం డిస్‌ప్లే కాన్ఫిగరేషన్ పని. కొత్తవాళ్లు రెండూ వేర్వేరు వస్తువులనుకుని, ప్లాన్‌లో ఉన్నది చెరిపేసి కంగారు పడటం చూశాను.

9వ రోజు

డ్రైన్ పైపు. దీన్ని పట్టికలో చివర్లో రాసుకున్నాను, 110 పైపే కదా ఎక్కడో సర్దుకుంటుందని. తప్పు నాదే. డక్ట్ పైకి కిందికి వంగుతుంది, నీటి పైపు వంగుతుంది, డ్రైన్ వంగదు. అది వాలుమీదే పోవాలి, ఒకసారి దిగితే మళ్లీ ఎక్కదు. ఎక్కడా రాజీపడని దాన్నే ముందు గీయాలి.

పై అంతస్తు టాయిలెట్ నుంచి కారిడార్ అవతల నిలువు పైపులు దిగే షాఫ్ట్‌కి పోవాలి. నేను మొదట కారిడార్ పొడవునా కొంత దూరం తీసుకెళ్లాను. దారిలో రెండు బీమ్‌లు. బీమ్ కిందికి దిగాలంటే డక్ట్ ఉన్న 430లోకే రావాలి. అక్కడ మిగిలింది 29.

మధ్యాహ్నం స్ట్రక్చర్ మోడల్ ఆన్ చేసి, మిగతావన్నీ దాచి, కింద నుంచి పైకి చూశాను. శ్లాబ్ అడుగు 3700. బీమ్ అడుగు 3250. రెండు బీమ్‌ల మధ్య 450 లోతు ఖాళీ జేబులా ఉంది. ఈ భాగంలో బీమ్‌లన్నీ కారిడార్‌కి అడ్డంగానే ఉన్నాయి, గోడల మీద పొడుగ్గా బీమ్‌లు లేవు. అంటే డ్రైన్ కూడా బీమ్‌లకి సమాంతరంగా, అడ్డంగా దాటితే ఆ జేబులోంచే షాఫ్ట్‌కి పోవచ్చు.

శ్లాబ్ కింద ట్రాప్‌కీ (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) బెండుకీ 300 వదిలితే, పైపు సెంటర్ 3400 దగ్గర మొదలవుతుంది. దూరం 7.2 మీటర్లు. 1:100 వాలు, 72 దిగుతుంది. షాఫ్ట్ దగ్గర సెంటర్ 3328, పైపు అడుగు 3273. బీమ్ అడుగు కన్నా 23 పైన. అక్కడికక్కడే సరిపోయింది.

గీసేటప్పుడు షాఫ్ట్ దగ్గర మొదలుపెట్టి టాయిలెట్ వైపు ఎక్కుతూ వెళ్లాను. షాఫ్ట్ దగ్గరి ఎత్తు ఖాయం, దాన్ని పట్టుకుని పైకి పోతే చివర్లో ట్రాప్‌కి ఎంత మిగిలిందో కనిపిస్తుంది. అటు నుంచి ఇటు గీస్తే, షాఫ్ట్ దగ్గరికి వచ్చాక పైపు ఎక్కడుంటే అక్కడే దిక్కు.

బ్రాంచి డక్టుల చిక్కు కూడా ఈ జేబుతోనే తీరింది. మెయిన్ డక్ట్ పక్క నుంచి తీస్తే బ్రాంచి చిల్డ్ వాటర్ పైపులకి గుద్దుకునేది. ఇప్పుడు డక్ట్ పై నుంచి తీసి, జేబులో పైపుల మీదుగా దాటించాను. ఇవాళ మనసు తేలికపడింది.

12వ రోజు

స్ట్రక్చర్ వాళ్లు కొత్త ఫైలు పంపారు. గ్రిడ్ 4 దగ్గర ఒక బీమ్ లోతు 600 నుంచి 700 అయింది. బీమ్ అడుగు 3150. నా 430 అక్కడ 330కి పడిపోయింది. నా డక్ట్‌కి 401 కావాలి.

ఇంతలో టెన్షన్ పడటం దండగ. 330లోంచి ఛానెల్ 41, ఫ్లాంజ్‌లు 60 తీసేస్తే 229. అంటే 225 ఎత్తు డక్ట్ పడుతుంది. 600 గుణించు 300 అంటే 1,80,000. దాన్ని 225తో భాగిస్తే 800. సరిగ్గా లెక్క కుదిరింది, 800 వెడల్పు 225 ఎత్తు అని మోడల్‌లో మార్చేసి, డిజైన్ చూసే మేడమ్‌కి చూపించాను.

ఆవిడ ఒక్క ప్రశ్న వేశారు. "ఏరియా సరిపోయింది సరే, ఫ్రిక్షన్ చూశావా?"

చూడలేదు. ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించారు. డక్ట్ ఎంత పలచబడితే గాలికి అంత ఎక్కువ రేకు తగులుతుంది, అంత ఎక్కువ ఒరుసుకుంటుంది. అందుకే దీర్ఘచతురస్రపు డక్టులని పోల్చేటప్పుడు ఏరియా కాదు, సమానమైన గుండ్రటి వ్యాసం చూడాలి. వెడల్పు, ఎత్తుల గుణకారాన్ని 0.625 ఘాతానికి, వాటి మొత్తాన్ని 0.25 ఘాతానికి పెంచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి 1.30తో గుణించాలి. 600 బై 300కి 457 వస్తుంది. నేను వేసిన 800 బై 225కి 442. ఏరియా ఒకటే, కానీ చిన్న డక్ట్ వేసినట్టు. 900 బై 225కి 465. అదీ కావాల్సింది.

వెడల్పు ఎత్తుకి నాలుగు రెట్లు, అంతకన్నా పలచన చెయ్యొద్దన్నారు. కారిడార్ వెడల్పు లెక్క మళ్లీ చూశాను: 1890కి 300 కలిపితే 2190. పడుతుంది.

ఇక ట్రాన్సిషన్. 600 నుంచి 900కి తెరుచుకునే ముక్క నా సెట్టింగుల్లో పొట్టిగా ఉంది. పొట్టిగా ఉంటే గాలి గోడల్ని వదిలేసి మధ్యలోంచి దూసుకుపోతుంది, పక్కల సుడులు పుడతాయి. ఒక్కో వైపు 150 తెరుచుకోవాలి. పొడవు 600 చేస్తే కోణం 14 డిగ్రీలు. అలాగే పెట్టాను.

అయినా నిలువులో మిగిలింది 4 మిల్లీమీటర్లు. మోడల్‌లో 4 ఖాళీ అంటే సైట్‌లో ఖాళీ లేనట్టే. కాంక్రీటు అంత కచ్చితంగా పోసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆర్కిటెక్ట్‌ని అడిగాను: గ్రిడ్ 4 బీమ్ కింద లైటు లేకుండా, అటో ఇటో జరపగలరా అని. జరిపారు. 120 కాస్తా అక్కడ 70 అయింది. 50 కలిసొచ్చింది. దాన్ని పైనా కిందా పంచి, అక్కడ డక్ట్‌ని 25 కిందికి దింపాను. రేకు అడుగు 2866, ఫ్లాంజ్ పై అంచు 3121. బీమ్‌కీ దానికీ 29.

18వ రోజు

ప్లాంట్ రూమ్ మొదలుపెట్టి మూడు రోజులైంది.

పంపు తయారీదారు ఇచ్చిన త్రీడీ ఫైలు తెచ్చి పెడితే డ్రాయింగు కదలడం మానేసింది. లోపల బోల్టులు, వాటి మర చుట్లు కూడా ఉన్నాయి. ఎనిమిది పంపులు, ఒక్కోదానికి వందల ఉపరితలాలు. తీసేసి, బయటి కొలతలు సరిగ్గా ఉన్న పెట్టె, సిలిండర్లతో సొంతంగా ఒక మల్టీవ్యూ పార్ట్ (ఈ సాఫ్ట్‌వేర్‌లో పరికరాన్ని చూపే వస్తువు) చేశాను. మోడల్‌లో పంపు అందంగా ఉండనక్కర్లేదు. బేస్ కొలతలు, నాజిల్ చోటు, నాజిల్ సైజు, దాని దిశ తప్పకుండా నిజమై ఉండాలి.

దిశ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మొదటిసారి సక్షన్ (నీళ్లు లాగే వైపు) కనెక్టర్ దిశ లోపలికి పెట్టాను. పైపు కలిపితే పంపు పొట్టలోంచి మొదలై అటువైపు బయటికి వచ్చింది. కనెక్టర్ బాణం ఎప్పుడూ పరికరం నుంచి బయటికి చూడాలి.

అదే పార్ట్‌లో ఇంకో పని కూడా చేశాను. మోటారు విప్పడానికి, మనిషి నిలబడటానికి కావాల్సిన ఖాళీని పారదర్శకమైన పెట్టెగా వేరే లేయర్‌లో కలిపాను. ఏహెచ్‌యూకి కూడా అంతే: కాయిల్ బయటికి లాగాలంటే యూనిట్ వెడల్పంత ఖాళీ పక్కన కావాలి. పెట్టె గీస్తేనే ఆ ఖాళీ ఉంటుంది. గీయకపోతే ఎలక్ట్రికల్ వాళ్లు ఆ చోట్లో ప్యానెల్ పెడతారు, వాళ్లకి అది ఖాళీ గోడలాగే కనిపిస్తుంది.

హెడర్ (పంపులన్నీ కలిసే పెద్ద పైపు) 200 ఎన్‌బీ. బయటి వ్యాసం 219.1. లాంగ్ రేడియస్ ఎల్బో మధ్య నుంచి చివరికి 305. రెండు ఎల్బోలు వెనువెంటనే వెల్డ్ చేసినా 610 కావాలి. నేను 500 ఎత్తు తేడాతో మలుపు గీస్తుంటే సాఫ్ట్‌వేర్ ఫిట్టింగ్ వెయ్యనంది. అది ఎర్రర్ కాదు, సాయం. అక్కడ పైపు నిజంగానే పట్టదు. కొందరు ఇలాంటప్పుడు రూటింగ్‌ని షార్ట్ రేడియస్‌కి మార్చేసి ముందుకెళ్తారు. సైట్‌కి షార్ట్ రేడియస్ ఎల్బోలే తెప్పిస్తారని తెలిస్తే తప్ప అలా చెయ్యకూడదు. హెడర్‌ని 150 పైకి జరిపాను.

పంపు సక్షన్ దగ్గర రెడ్యూసర్ (పైపు సైజు తగ్గించే ముక్క) ఎక్సెంట్రిక్, అంటే ఒక వైపు చదునుగా ఉండేది, ఉండాలి, చదునైన వైపు పైకి. చదును కిందికి ఉంటే పైభాగంలో గాలి బుడగ చేరి పంపులోకి పోతుంది. సాఫ్ట్‌వేర్ రెడ్యూసర్ వేసిందంటే ఏ వైపు తిప్పి వేసిందో ఒక్కోటి తిరగేసి చూసుకోవాలి. ఎనిమిదింట్లో మూడు తలకిందులుగా ఉన్నాయి. ప్లాన్‌లో ఇది అస్సలు కనిపించదు. పక్క నుంచి చూడాల్సిందే.

24వ రోజు

నేవిస్‌వర్క్స్‌లో (అందరి మోడళ్లూ కలిపి చూసే సాఫ్ట్‌వేర్) మొదటి క్లాష్ టెస్ట్, అంటే ఏది దేనికి తగులుతోందో చూడటం. డక్టులకీ పైపులకీ మధ్య ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. సంతోషం కలగాల్సింది పోయి అనుమానం వచ్చింది.

పైపు దగ్గరికి వెళ్లి చూస్తే పైపు సన్నగా ఉంది. ఇన్సులేషన్ లేదు. ఫైల్లో ఇన్సులేషన్ విలువ ఇచ్చాను కానీ, డిస్‌ప్లేలో ఆ కాంపొనెంట్ ఆఫ్ చేసి ఉంది. గీసేటప్పుడు అడ్డుగా ఉందని నేనే ఆపి మళ్లీ ఆన్ చెయ్యలేదు. కనిపించనిది అవతలి ఫైల్లోకి వెళ్లలేదు. 214 పైపు అక్కడ 114గా కూర్చుంది.

ఆన్ చేసి మళ్లీ పంపితే 340 క్లాష్‌లు. ఈ అంకె చూసి బెదిరిపోకూడదు. ఒక కేబుల్ ట్రే 40 తప్పు ఎత్తులో ఉంటే దాని కిందున్న ప్రతి పైపుకీ ఒక క్లాష్ లెక్క పడుతుంది. ట్రేని పైకి జరిపితే అన్నీ ఒకేసారి పోతాయి. గుంపులుగా విడగొట్టుకుంటే నిజమైన సమస్యలు 23.

టెస్టులు విడివిడిగా పెట్టాను. డక్టులకీ స్ట్రక్చర్‌కీ ఒకటి, పైపులకీ డక్టులకీ ఒకటి, ఇలా. వీటికి హార్డ్ క్లాష్, టాలరెన్స్ 10. ఖాళీ పెట్టెల లేయర్‌కీ మిగతా అన్నిటికీ ఇంకో టెస్టు. పెట్టెలకి దూరం కొలిచే క్లియరెన్స్ టెస్టు అక్కర్లేదు, పెట్టెలోకి ఏదైనా దూరితే హార్డ్ క్లాష్‌గానే వస్తుంది. ఆ టెస్టులోనే ఒక ఏహెచ్‌యూ కాయిల్ లాగే చోట్లో మా స్ప్రింక్లర్ పైపే దొరికింది.

27వ రోజు

23లో 19 తీరాయి. మిగతా నాలుగూ ముగ్గురం కూర్చుని తేల్చుకోవాల్సినవి.

అప్రూవ్డ్ అని గుర్తు పెట్టేటప్పుడు ఎందుకు వదిలేశామో పక్కన ఒక వాక్యం రాస్తున్నాను. ఫ్లెక్సిబుల్ డక్ట్ హ్యాంగర్ రాడ్‌కి తగులుతోంది, సైట్‌లో పక్కకి జరుగుతుంది, వదిలేశాం. ఇలా. వచ్చే వారం మళ్లీ టెస్టు నడిపితే అదే క్లాష్ మళ్లీ చర్చకి రాకుండా ఉంటుంది.

ఇవాళ స్ట్రక్చర్ వాళ్ల నుంచి ఫోన్: మీ ఫైలు తెరిస్తే ఏమీ లేదు, ఖాళీ పెట్టెలున్నాయి అని. వాళ్లది మామూలు ఆటోక్యాడ్. నా డక్టులు వాళ్లకి ప్రాక్సీ వస్తువులు, అంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టలేనివి. ఫైలు సేవ్ చేసేటప్పుడు ప్రాక్సీగ్రాఫిక్స్ 1 లో ఉంటే కనీసం ఆకారం కనిపిస్తుంది, నా దాంట్లో 0 ఉంది. అది మార్చి, వాళ్ల కోసం ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్‌తో ఒక కాపీ కూడా తీశాను. ఆ కాపీలో డక్ట్ డక్ట్‌గా ఉండదు, ఉత్త ఆకారంగా మిగులుతుంది. అందుకే దానికి వేరే పేరు, వేరే ఫోల్డరు. ఒరిజినల్ మీద సేవ్ అయిందా, నెల శ్రమ పోయినట్టే.

33వ రోజు

షాప్ డ్రాయింగులు. సెక్షన్లు మోడల్ నుంచే తీస్తున్నాను. 4వ రోజు చేత్తో గీసిన కారిడార్ సెక్షన్‌ని, ఇవాళ మోడల్ నుంచి వచ్చిన సెక్షన్‌ని పక్కపక్కన పెట్టి చూశాను. డ్రైన్ తప్ప అన్నీ దాదాపు అనుకున్న చోటే ఉన్నాయి.

కొలతలు రాసేటప్పుడు డక్ట్‌కి అడుగు ఎత్తు, నీటి పైపుకి సెంటర్, డ్రైన్‌కి లోపలి అడుగు ఇస్తున్నాను. బిగించేవాళ్లు ఎక్కడ టేపు పెడతారో అక్కడి అంకే కావాలి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సెంటర్ ఎలివేషన్ 2978.5 అని డక్ట్ పక్కన రాస్తే, నిచ్చెన మీదున్న మనిషి దాంట్లోంచి 112.5 తీసేసుకోవాలి. ఆయనకి ఆ పని ఎందుకు పెట్టాలి? 2866, రేకు అడుగు, అని రాశాను.

38వ రోజు

డక్ట్ బిగించే సూపర్‌వైజర్ సైట్ నుంచి ఫోన్ చేశారు. లేజర్ పెట్టి చూశారట. "సార్, గ్రిడ్ 4 బీమ్ మీరు 3150 అన్నారు, ఇక్కడ 3142 వస్తోంది. డక్ట్ ఎక్కుతుందా?"

ఫ్లాంజ్ పై అంచు 3121. "ఎక్కుతుందండీ, ఇంకా 21 ఉంది. అడుగు 2866 మాత్రం మార్చకండి" అన్నాను. స్ట్రక్చర్ వాళ్లకి కొలిచిన ఎత్తు పంపి, నా ఫైల్లో ఆ బీమ్ పక్కన 3142 అని నోట్ పెట్టాను. రేపు రెండో అంతస్తులో అదే గ్రిడ్ బీమ్ కూడా కొలిచి చెప్తామన్నారు. ఆ అంకె వచ్చేదాకా రెండో అంతస్తు డక్ట్ షీటు ఆపి ఉంచాను.